ఒక్క నత్త, లక్ష పిల్ల

సఖినేటిపల్లి,
జూన్ 9.

అమలాపురం శ్రీ సత్యదుర్గా ఆక్వా నీడ్స్ ప్రొప్రయిటరు గారికి,

నమస్కారం. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఇక్కడ కుశలం సగమే ఉంది. మిగతా సగం గురించే ఈ ఉత్తరం.

నా పేరు రామ్మూర్తి. రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు మీద ఇంజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. మీ చిరునామా మంగలి షాపులో క్యాలెండరు మీద దొరికింది. ఫోను నెంబరూ ఉంది. కానీ ఉద్యోగమంతా ఆ ఇంజను పక్కనే గడిపి, చెవులు రెండూ దానికే ఇచ్చేసి వచ్చాను. ఫోనులో ఎవరేమన్నా నాకు డబడబమనే వినిపిస్తుంది. అందుకని ఉత్తరం.

నా దగ్గర నీళ్ళలో పెరిగే జీవి ఒకటి ఉంది. జాతి పేరు మాత్రం రాయను, రాస్తే నవ్వుతారు. ఈ ఊళ్ళో నన్ను చూసి నవ్వేవాళ్ళకి ఇప్పటికే కొదవ లేదు. కిందటేడు, నేను రిటైరయ్యే ముందు, ఎవరో ప్యాసింజరు, నీళ్ళున్న ప్లాస్టిక్ కవరు పంటు మీద మరిచిపోయి నర్సాపురం వైపు దిగిపోయారు. మరిచిపోయిన సామాను దాచిపెట్టడం మా పద్ధతి. గొడుగులకీ టిఫిను డబ్బాలకీ మనుషులు వెతుక్కుంటూ వస్తారు. దీనికోసం ఎవరూ రాలేదు. ఇంటికి తెచ్చుకున్నాను.

తొట్టిలో పెంచుతున్నాను. దోసకాయ ముక్క వేస్తే ఇష్టంగా తింటుంది. ఈమధ్య దాని గుల్ల పల్చబడింది. రంగు వెలిసిపోయి, పైన తెల్లగా గుంటలు పడుతున్నాయి. నా వల్ల లోపమేమీ లేదు. నేను కుండలో నీళ్ళు తాగుతూ దానికి మాత్రం మినరల్ వాటరు డబ్బా వేయించుకుంటున్నాను.

గుల్ల గట్టిపడే మార్గం చెప్పండి. ఉన్నది ఒకటే పిల్ల. అదీ పోతే, పొద్దున్నే నేను లేచానో లేదో చూసే ప్రాణి ఈ ఇంట్లో ఇంకొకటి లేదు.

ఇట్లు,
రామ్మూర్తి.

తా.క.: జవాబుకి స్టాంపు అంటించిన కవరు జతచేశాను. స్టాంపు స్పాంజితో తడిపాను, నాలికతో కాదు. నిశ్చింతగా ముట్టుకోవచ్చు.

---

అమలాపురం,
జూన్ 13.

శ్రీ రామ్మూర్తి గారికి నమస్కారాలండి.

ఆయ్, మీ ఉత్తరం అందింది. రొయ్య పేరు రాయడానికి అంత సిగ్గెందుకండీ? అనుమతి లేని చెరువైనా మాకేమీ అభ్యంతరం లేదు. మేం మందులమ్ముకునేవాళ్ళం, రెవెన్యూ వాళ్ళం కాదు.

పిల్ల ఒకటే అన్నారు. రొయ్య పిల్లని లెక్కపెట్టేది లక్షల్లోనే కదా, అంటే ఒక లక్షే వేశారన్నమాట. మంచి పని చేశారు. ఇక్కడ అందరూ నాలుగేసి లక్షలు వేసేసి, రొయ్యకి రొయ్య తగిలి ఊపిరాడక పోతున్నాయని మా మీద పడి ఏడుస్తున్నారు. గుల్ల మెత్తబడడాన్ని మేం లూజు షెల్ అంటామండి. గట్టు చుట్టూ తిరుగుతూ బస్తాల లెక్కన సున్నం చల్లించండి. మేతలో మినరల్ పౌడరు కలపండి. నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆపొద్దు.

ఇంతకీ చెరువు ఎన్ని ఎకరాలు? గట్టు మీద కాపలా ఎవరుంటారు? మీరొక్కరేనా? మీ భోజనం సంగతేమిటి? ఇవన్నీ తెలిస్తేగానీ సరైన మందు రాయలేం.

ఇట్లు,
ఉమామహేశ్వరి,
ప్రొప్రయిటరు.

తా.క.: ఆ మినరల్ వాటరు డబ్బా ఆపేయండి. దాంట్లో మినరల్ అన్నది పేరులోనే ఉంది. సున్నం అంతా తీసేసిన నీళ్ళవి. తమకి లేని సున్నాన్ని గుల్లలోంచి లాగేసుకుంటాయి. కుళాయి నీళ్ళు పట్టి ఓ రోజు నిలవ ఉంచి పొయ్యండి. ఉడకబెట్టిన కోడిగుడ్డు పెంకుకి లోపలి పొర తీసేసి, ఎండబెట్టి, మెత్తగా నూరి చిటికెడు వెయ్యండి. లక్షకీ కలిపి ఒక్క పెంకు చాలు.

---

సఖినేటిపల్లి,
జూన్ 17.

ఉమామహేశ్వరి గారికి,

నమస్కారం. ప్రొప్రయిటరంటే మగవారనుకున్నాను, మన్నించాలి. కానీ మీరు నన్ను అనుకున్నదాని ముందు నేను మిమ్మల్ని అనుకున్నది ఏపాటి?

ఒకటంటే ఒకటేనండి. లక్ష కాదు. వేళ్ళ మీద లెక్కపెడితే మొదటి వేలు దగ్గరే అయిపోయే ఒకటి. నాకు చెరువు లేదు. గట్టు లేదు. గట్టే లేనప్పుడు కాపలా ఎక్కణ్ణించి వస్తుంది? తొట్టి మా సావిట్లో కిటికీ పక్కనుంటుంది. ఇది వీపు మీద ఇల్లు మోసుకుని తిరిగే జీవి. అంతకంటే విడమర్చి చెప్పను.

భోజనం సంగతి అడిగారు. మెస్సు నుంచి క్యారేజీ వస్తుంది. తెచ్చేవాడు గుమ్మంలో పెట్టి, పాత గిన్నె పట్టుకుని వెళ్ళిపోతాడు. ఆ ప్రశ్న నన్నెవరైనా అడిగి ఎంతకాలమయిందో గుర్తులేదు, అందుకే మందుకీ దానికీ సంబంధమేమిటని నిలదియ్యకుండా జవాబు రాస్తున్నాను.

మీ ఉత్తరం పైభాగం ఇంకెవరికో రాసినట్టుంది. తా.క. ఒక్కటే నాకు రాసినట్టుంది. అదే పాటించాను. డబ్బా మానేశాను. కోడిగుడ్డు కొనడానికి వెళ్తే మా పక్కింటి అంజిబాబు, ఏనాడూ పలకరించనివాడు, ఆగి మరీ చూశాడు. పెంకు పొడి చేసి పెట్టాను. కనకమహాలక్ష్మి ఇష్టంగా తింది.

ఇట్లు,
రామ్మూర్తి.

తా.క.: గుడ్డు నేను తిన్నాను. పారెయ్యడం దేనికని.

---

అమలాపురం,
జూన్ 21.

రామ్మూర్తి గారికి నమస్కారాలండి.

ఎంత పని చేశారండీ! రొయ్యలకి పెట్టమన్న పెంకు పొడి ఇంట్లోవారికి పెడతారా? కనకమహాలక్ష్మి గారు ఎలా ఉన్నారు? ఇష్టంగా తిన్నారంటే ఆవిడ ఎంత సహనవంతురాలో తెలుస్తోంది. నేనైతే ఆ పొడి మీ మొహానే కొట్టేదాన్ని. గుడ్డు మీరు తిని పెంకు ఆవిడకి పెట్టడం ఏ ఊరి మర్యాదండీ?

ఇక వీపు మీద ఇల్లంటున్నారు. అయితే పీతలా? ముందే చెప్పొచ్చు కదా. తొట్లో పెంచుతున్నారంటే హేచరీ పెట్టారన్నమాట. పీతల హేచరీ మన జిల్లాలో ఎవరూ పెట్టలేదు, మీకు చాలా ధైర్యం. పనివాళ్ళెందరు? సాయంత్రం పూట మీతో కబుర్లు చెప్పేవాళ్ళెవరైనా ఉంటారా? ఇదీ మందు కోసమే.

ఇట్లు,
ఉమామహేశ్వరి,
ప్రొప్రయిటరు.

తా.క.: ఆయుర్వేదం కొట్లో సముద్రపు నురుగని అమ్ముతారు. నురుగు కాదది, సముద్రంలో ఉండే ఓ జీవి వీపు బద్ద. తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. ముక్క తొట్లో వేసి ఉంచితే కావలసినప్పుడల్లా గీరుకు తింటుంది. అంటే తొట్లోది. కనకమహాలక్ష్మి గారు కాదు.

---

సఖినేటిపల్లి,
జూన్ 25.

ఉమామహేశ్వరి గారికి,

నమస్కారం. మీరు ఇంత పెద్ద వ్యాపారం ఎలా నడుపుతున్నారో నాకు అర్థం కావడం లేదు.

కనకమహాలక్ష్మి అన్నది ఆ తొట్లో జీవి పేరే. బంగారం రంగులో ఉండేదని పెట్టుకున్నాను. నాకు పెళ్ళి కాలేదు. రెండు రేవుల మధ్య తిరిగేవాడు ఏ ఒడ్డున కాపురం పెడతాడని అనేవారు పిల్లనిచ్చేవాళ్ళు. అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ ఊళ్ళవాళ్ళందరి పెళ్ళివారినీ దాటించాను. నా వంతు వచ్చేసరికి వయసు దాటిపోయింది.

సాయంత్రం కబుర్లు కనకమహాలక్ష్మికే చెబుతాను. దానికీ చెవులు లేవు, కాబట్టి ఇద్దరికీ ఇబ్బంది లేదు.

సముద్రపు నురుగు రాజోలు వెళ్ళి తెచ్చాను. గీరుకు తింటోంది. డబ్బా నీళ్ళు తీసేసి చవకబారు నీళ్ళు పోస్తున్నానని దానికి చిన్నతనంగా ఉంటుందేమోనని, మొన్న మా అమ్మ రాగిబిందె అటక మీంచి దింపి, చింతపండుతో తళతళా తోమి, కుళాయి నీళ్ళు అందులో నిలవ ఉంచి పోశాను. రాగి నీళ్ళు ఒంటికి మంచివంటారు కదా.

ఇట్లు,
రామ్మూర్తి.

తా.క.: కవరు అంటించబోతూ చూశాను. నిన్నటి నుంచి లోపలికి పోయి మూత వేసుకుంది. దోసకాయ వేసినా రాలేదు. అలక అనుకుంటున్నాను. అలకే అయితే బాగుండును.

---

అమలాపురం,
జూన్ 27.

రామ్మూర్తి గారూ,

ముందు ఆ తొట్లో నీళ్ళు పారబోసి, మామూలు నీళ్ళు పొయ్యండి. ఆ పని చేసి వచ్చి మిగతాది చదవండి.

రాగి మనకి మంచిదే కావచ్చు. గుల్ల ఉన్న జీవులకి విషమండి. బిందె మళ్ళీ అటక ఎక్కించండి. అమ్మగారు ఏమీ అనుకోరు.

పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని మా టెక్నీషియను క్రాంతికుమార్ చేతికిచ్చి పంపుతున్నాను. నిలవ ఉంచిన నీళ్ళ క్యాను కూడా వాడి దగ్గరుంది.

ఉమామహేశ్వరి.

తా.క.: ఎలాగూ వస్తున్నాడు కదా అని, చెరువులో శాంపిలు తియ్యడానికి విసురువల ఇచ్చి పంపుతున్నాను.

---

సఖినేటిపల్లి,
జూన్ 28.

ఉమామహేశ్వరి గారికి,

ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే. సాయంత్రానికి మూత తెరిచింది. ముందు ఒక కొమ్ము బయట పెట్టింది, కాసేపు చూసి రెండోదీ పెట్టింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. రాయడానికి సిగ్గుపడడం లేదు.

మీ క్రాంతికుమార్ బుజాన వల, కాళ్ళకి రబ్బరు బూట్లు, చేతిలో నీళ్ళ క్యానుతో దిగాడు. సావిట్లోకి వచ్చి తొట్టి చూశాడు, వల చూసుకున్నాడు, మళ్ళీ తొట్టి చూశాడు. పాపం ఏమనుకున్నాడో. నీళ్ళు మాత్రం నా చేత పట్టించకుండా తనే మార్చాడు. తర్వాత నన్నేదో అడిగాడు. వినపడదని సైగ చేశాను. మీ పని మీద శ్రద్ధ ఉన్న మనిషేనండి, వీధి గుమ్మంలోకి తీసుకెళ్ళి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని గావుకేక పెట్టాడు.

"చెరువెక్కడండీ? అక్క లక్ష పిల్ల చూసి రమ్మన్నారండీ!"

అది నాకు కూడా వినపడింది. అక్క అంటున్నాడంటే మీ కొట్లో పనివాళ్ళని ఎంత బాగా చూసుకుంటారో అర్థమయింది.

భోజనానికి ఉంచేశాను. క్యారేజీ ఇద్దరం పంచుకున్నాం. ఎదురుగా మనిషి కూర్చుంటే రోజూ మిగిలే అన్నం చాలకుండా పోతుందని ఇప్పుడే తెలిసింది. అతను వెళ్ళిపోయాక చాలాసేపు కంచాలు కడగలేదు.

మీవాడు చూశాడు కాబట్టి నా దగ్గరున్నదేమిటో మీకు తెలిసిపోయి ఉంటుంది. నవ్వుకున్నా పరవాలేదు. కానీ మందు చెప్పడం మానకండి.

ఇట్లు,
రామ్మూర్తి.

తా.క.: ఆ కేక విన్న దగ్గర్నించి అంజిబాబు గోడ మీంచి మా పెరట్లోకి అదేపనిగా చూస్తున్నాడు. ఇవాళ నిచ్చెన కూడా వేసుకున్నాడు.

---

(పోస్టుకార్డు)

అమలాపురం,
జులై 3.

రామ్మూర్తి గారికి నమస్కారాలండి.

మావాడికి చూపు తక్కువ, లక్ష పిల్లా కనపడలేదన్నాడు. మీరేం కంగారు పడకండి. రొయ్యల పట్టుబడి ఎప్పుడో చెబితే లారీ పంపుతాను. ఐసు మాదే.

ఉమామహేశ్వరి, ప్రొప్రయిటరు.

తా.క.: గుల్లలో పాత గుంటలు పూడవండి. అంచున కొత్తగా పెరిగేదే గట్టిగా వస్తుంది. అక్కడ చూస్తూ ఉండండి.

---

సఖినేటిపల్లి,
జులై 9.

ఉమామహేశ్వరి గారికి,

మీరు కార్డు రాశారు. కవరు కాదు, కార్డు! పోస్టుమాన్ చేతిలోంచి నా చేతికి వచ్చేలోపు మా వీధి వీధంతా దాన్ని చదివింది. అంజిబాబైతే బయటికే చదివాడట.

లారీ, ఐసు, లక్ష పిల్ల. ఇంకేం కావాలి? రామ్మూర్తి దొంగతనంగా రొయ్యల చెరువు తవ్వేస్తున్నాడు, పక్క చేలకి ఉప్పెక్కిపోతుంది, తాగేనీళ్ళు పాడైపోతాయని సంతకాలు పెట్టి పంచాయతీలో అర్జీ ఇచ్చేశారు. నిన్న సెక్రటరీని వెంటబెట్టుకుని అందరూ వచ్చిపడ్డారు. నాకు జ్వరమొచ్చి పడుకున్నప్పుడు కూడా నా గడప తొక్కనివాళ్ళు నిన్న మంచం కింద దాకా వెతికారు. కొబ్బరిచెట్ల మధ్య కర్రతో పొడిచి చూశారు. రెండు సెంట్ల పెరట్లో చెరువు ఎక్కడ దాస్తానండీ, జేబులోనా?

చివరికి తొట్టి దగ్గరకొచ్చారు. బాతులు మేపే పోలమ్మ ముందుకొచ్చి తొంగిచూసింది. ఆవిడ ఏమన్నదో సెక్రటరీ కాయితం మీద రాసి మరీ చూపించాడు, నేను ఆ సరదా పోగొట్టుకోకూడదని.

"ఓలమ్మో, నత్తండీ! మా బాతులకి గంపలతో పోస్తామండీ ఇయ్యి!"

అవును, నత్తే. ఇప్పుడు మీరూ నవ్వండి. వాళ్ళు నవ్విన నవ్వు నాకు వినపడలేదు. కానీ అన్ని నోళ్ళూ ఒక్కసారి తెరుచుకోవడం చూశాను. చెవులు లేనివాడికి నవ్వు అలా చూడడం మరీ కష్టమండి. నన్నిప్పుడు నత్త రామ్మూర్తి అంటున్నారట.

నేను మీకేం అపకారం చేశాను? ఒకటి అని మొదటి ఉత్తరంలోనే రాశాను. మీరు లక్ష దిగి కిందికి రాలేదు.

ఆదివారం పొద్దున్న కనకమహాలక్ష్మిని పంటకాలవలో వదిలేస్తున్నాను. దానికి అక్కడ తనవాళ్ళయినా ఉంటారు. ఇక ఉత్తరాలు రాయకండి. నేనూ రాయను.

రామ్మూర్తి.

తా.క.: గుల్ల అంచున కొత్త పొర వచ్చింది. గోరుతో మీటితే టక్కుమంటోందని వేలికి తెలుస్తోంది. బంగారం రంగే. మీ మందు పనిచేసింది. ఎంత కోపం ఉన్నా ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

---

ఆదివారం పొద్దున్న.

రామ్మూర్తి గారూ,

ముందు ఆ తొట్టి కింద పెట్టండి. కాలవకి వెళ్ళకండి. అక్కడ దానికి తనవాళ్ళుంటారన్నారు. వాళ్ళకంటే ముందు పోలమ్మ గారి బాతులుంటాయండి.

మీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. చదివి నేను నవ్వలేదు. ఇప్పుడు నేను రాసేది చదివి మీరు ఏం చేస్తారో నాకు తెలియదు.

నాకు మొదటి ఉత్తరంలోనే తెలుసు. దోసకాయ తినే రొయ్య ఈ కోనసీమలో ఎక్కడుందండీ? గుల్లలో గుంటలన్నారు, దోసకాయన్నారు, పేరు చెబితే నవ్వుతారన్నారు. నత్త కాక మరేమిటి? ఒకటంటే ఒకటేనని కూడా తెలుసు.

అసలు కొట్టే లేదండి. మావారు నాగేంద్రబాబు గారు పోయాక షట్టరు దించేశాను, మళ్ళీ ఎత్తలేదు. మీరు చూసిన క్యాలెండరు ఆయన ఉండగా వేయించింది. నేను మేడ మీద వాటాలో ఉంటాను. లూజు షెల్లు, ఏరియేటర్లు అన్నవి ఆయన పగలల్లా ఫోనులో అరుస్తుంటే విని విని నోటికొచ్చినవి. క్రాంతికుమార్ టెక్నీషియను కాదు, నా సొంత తమ్ముడు. బట్టల కొట్లో చీరలు చూపిస్తాడు. వల ఎదురింటివాళ్ళది. నత్తల సంగతి కూడా నాకేమీ తెలియదు. మీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఫోనులో చూసి నేర్చుకోవడమే పని. పొద్దున్నే లేవడానికి ఆ మాత్రం పని దొరికింది.

షట్టరు కింద నుంచి కరెంటు బిల్లు తప్ప ఏదీ రాని ఇంటికి మీ కవరు వచ్చింది. నత్తేగా, గుడ్డు పెంకు పెట్టండి అని రాసి ఉంటే, మీరు "ధన్యవాదాలు" అని ఒక ముక్క రాసి ఊరుకునేవారు. తెలియనట్టు రాస్తే కోప్పడి మళ్ళీ రాస్తారు. ఎన్ని ఎకరాలని అడిగితే ఒక పేజీ వచ్చింది. మీ ఆవిడ అంటే రెండు పేజీలు వచ్చాయి. మీరు నన్ను తిట్టే ఉత్తరం కోసం ఎదురుచూడడం అలవాటైపోయింది. మందు మాత్రం ఏ ఉత్తరంలోనూ అబద్ధం రాయలేదు. తా.క.లో ఉన్నదంతా నిజమే.

కార్డు నా తప్పు. కవర్లు అయిపోయాయి. పోస్టాఫీసుకి వెళ్ళడానికి బద్ధకించి ఇంట్లో ఉన్న కార్డు మీద రాసేశాను. నా సరదా మీ పరువు మీదకి వచ్చింది. మీరు అంతమందిలో నిలబడి ఆ నోళ్ళన్నీ చూశారని చదివాక నిద్రపట్టలేదు. ఒంటరిగా ఉండడం ఎలా ఉంటుందో తెలిసి కూడా మిమ్మల్ని నలుగురిలో ఒంటరిని చేశాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఇది పోస్టులో వేస్తే మీకు అందేసరికి కనకమహాలక్ష్మి ఏ బాతు కడుపులోనో ఉంటుంది. అందుకని రాత్రి సగం రాసి, తెల్లారే బస్సెక్కి, మిగతాది మీ గుమ్మం మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. తలుపు కొట్టాను. మీకు వినపడలేదు గానీ అంజిబాబు గారికి వినపడింది. గోడ మీంచి "ఎవరండీ?" అన్నారు. "ప్రొప్రయిటర్నండీ" అన్నాను. నిచ్చెన దిగిపోయారు.

ఉత్తరం తలుపు కింద నుంచి తోస్తున్నాను. లోపల గడియ వేసి ఉంది, మీరు ఇంట్లోనే ఉన్నారు. చదివాక తియ్యబుద్ధయితే తియ్యండి. కాకపోతే తిరుగు బస్సు మధ్యాహ్నం ఉంది.

ఇట్లు,
ఉమామహేశ్వరి.

తా.క.: మీకు వినపడదు కాబట్టి, మాట్లాడుకోవడానికి తెల్లకాయితాల కట్ట తెచ్చాను. పెన్నులు రెండు.